దొరసానికి టి.సి.

ఆ రోజు పొద్దున్న కొత్త కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు పాలు పితికి, బకెట్టు పట్టుకుని కొట్టంలోంచి బయటికి వచ్చేలోగా పిల్లి మెడలో గంట కట్టాలి. అంతే. ఈ ఒక్క పని కోసం లోకంలోని ఎలుకలన్నీ సభలు పెట్టుకుని, తీర్మానాలు చేసుకుని, చివరికి చేతులెత్తేశాయని ఆమె చిన్నప్పుడు విన్నది. ఎలుకలకు తట్టనిదేమిటంటే, దానికి ధైర్యంతో పని లేదు, ఒక చేప ముక్క చాలు. నిన్నటి కూరలోంచి ఆ ముక్కను ఆమె ముందే దాచి ఉంచింది.

పెళ్ళయి ఆ రోజుకు నలభై రెండు రోజులు. పుట్టి పెరిగింది మూడో అంతస్తులో, చదివింది వృక్షశాస్త్రం. పుస్తకంలో తప్ప గడ్డిని అంత దగ్గరగా చూసిన పాపాన పోలేదు. అందుకే ఈ ఫారంలో ఆమెకు ప్రతిదీ పండగే. అప్పుడే పెట్టిన గుడ్డు అరచేతిలో వెచ్చగా ఉంటే పండగ. దూడ గరుకు నాలుకతో మోచెయ్యి నాకితే పండగ. మొన్నటికి మొన్న దాణా డబ్బాల మీద "తవుడు", "నూక", "జొన్నలు" అని తన గుండ్రటి అక్షరాలతో చీటీలు అతికించి, వాటి ముందు నిలబడి పది నిమిషాలు మురిసిపోయింది. "ఏంటి, మ్యూజియమా?" అని మొగుడు ఏడిపిస్తే, "టికెట్టు లేకుండా వచ్చారు, బయటికి నడవండి" అంది.

ఈ పండగలన్నిటిలో పెద్దది దొరసాని. ఒళ్ళంతా బూడిద రంగు, నాలుగు కాళ్ళకూ తెల్ల మేజోళ్ళు, ముఖంలో ఎవరినీ లెక్కచెయ్యని ధీమా. ఇంటి గడప తొక్కేది కాదు. దాణా గది అటక మీద దాని కాపురం. రాత్రి ఎలుకల మీద డ్యూటీ, పగలు నిద్ర. పిలిస్తే తల తిప్పేది కాదు. బయట తిరిగే పిల్లికి సాయంత్రం ఒక్క పూటే తిండి, పొద్దున్నే కడుపు నిండితే వేట మరిచిపోతుంది, కనుక పొద్దున ఎవరూ ఏమీ పెట్టకూడదు అన్నది అత్తగారు పెట్టిన రూలు. ఆ రూలును ఇంట్లో అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారని అందరూ అనుకునేవారు.

రూళ్ళ సంగతి వస్తే ఆ ఇంట్లో అసలు మనిషి మామగారు. ముప్ఫై ఏళ్ళు బడిలో పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన దిగిపోయిన ఏడే బడిలో కరెంటు బెల్లు పెట్టారు. పాత ఇత్తడి గంటను ఏం చెయ్యాలో తెలియక ఆయనకే బహుమతిగా ఇచ్చి పంపించారు. అప్పటినుంచి మూడేళ్ళుగా ఫారమంతా ఆ గంట మీదే నడుస్తోంది. ఒక దెబ్బ కొడితే కోళ్ళూ బాతులూ గింజలకు వస్తాయి. రెండు దెబ్బలకు దూడలు. మూడు దెబ్బలకు మేకలు. గణగణా వాయిస్తే అందరూ ఎవరి గూటికి వాళ్ళు. ఆయన దగ్గర హాజరు పట్టీ కూడా ఉంది. కోళ్ళకు రోల్ నంబర్లు. మూడేళ్ళ పట్టీలో ఒక్క పేరు ఎదుట మాత్రం ఒక్క టిక్కు కూడా పడలేదు. దొరసాని: గైర్హాజరు, గైర్హాజరు, గైర్హాజరు.

నిన్న టీ తాగేటప్పుడు వ్యవహారం ముదిరింది.

"ఈ నెలలో ఇది మూడోసారి," అన్నారు మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "మూడు బకెట్ల పాలు మట్టిపాలు. పొద్దున్నే మీ అత్తయ్య కాళ్ళకు అడ్డం పడుతోంది. గంటకు రాదు, పిలిస్తే పలకదు, పైగా ఇదొకటి. అందుకే టి.సి. రాసేశాను."

"పిల్లికి టి.సి. ఏంటి మామయ్యా?"

"పిండిమర ఆయన ఎలుకలు ఎక్కువయ్యాయని గోల పెడుతున్నాడు. రేపు సాయంత్రం మీ ఆయన అటు వెళ్ళేటప్పుడు బుట్టలో పెట్టి దింపేసి వస్తాడు."

ఆయన సరదాకి అనడం లేదు. వసారాలోని టేబులు మీద, గాజు బరువు కింద, నిజంగానే ఒక కాగితం ఉంది. "ప్రవర్తన: సంతృప్తికరం కాదు" అని ఎర్ర సిరాతో రాసి, కింద సంతకం కూడా పెట్టేశారు. కోడలు ఆశగా అత్తగారి వైపు చూసింది. అత్తగారు ఒక్క క్షణం ఆగి, "మీ ఇష్టం" అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఇంక ఆ ఇంట్లో దొరసానికి తను తప్ప దిక్కు లేదని కోడలు తీర్మానించుకుంది.

తెల్లవారుతుండగా మొగుడు గుడ్ల ట్రేలు వ్యానులోకి ఎక్కిస్తుంటే పక్కన చేరింది.

"ఏమండీ, నిజంగా తీసుకెళ్ళిపోతారా?"

"నాన్న టి.సి. రాశాక చింపిన దాఖలా లేదు. ఐదో క్లాసులో నాకే ఒకటి రాశారు."

"మీకా! ఎక్కడికి?"

"పక్క సెక్షనుకి. అక్కడ లెక్కలు చెప్పేది కూడా ఆయనే."

"అది కాదండీ. అది వస్తున్నట్టు ముందే వినపడితే అత్తయ్య చూసుకుని నడుస్తారు కదా. పాలు ఒలకవు. ఒలకకపోతే మామయ్యని నేను బతిమాలుకుంటాను. ఎక్కడైనా చిన్న గంట దొరుకుతుందా?"

అతను ఆ మాటలు వినాల్సింది. వినలేదు. ఆమె బుగ్గకు అంటుకున్న తవుడు చూస్తున్నాడు. "కొట్టం గోడకి సొరుగు ఉంది కదా, అందులో ఏదో ఒకటి ఉంటుంది చూడు" అని, తవుడు తుడిచి, ఈల వేసుకుంటూ వ్యానెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు జరిగిన దానికంతటికీ మూలం ఆ తవుడే.

సొరుగులో తుప్పు మేకులు, తాడు ముక్కలు ఉన్నాయి. వాటి అడుగున పాత గుడ్డలో చుట్టి, బొటనవేలంత ఇత్తడి గంట ఒకటి దొరికింది. గంట మెరుగు కూడా పోలేదు. ఊపితే కిలకిలమని, ఎవరో పాప నవ్వినట్టు మోగింది. కోడలికి ఎంత ముచ్చటేసిందంటే, తన జడ రిబ్బను ఎర్రది విప్పి దానికే గుచ్చింది. దాణా గదిలో దొరసాని చేప ముక్క మీద వంగిన అరనిమిషంలో ముడి వేసేసింది.

దొరసాని తల ఎత్తింది. కిలకిల. అనుమానంగా ఒక అడుగు వేసింది. కిలకిల. తన వెనకాల ఎవరో ఉన్నారని దానికి తోచినట్టుంది, ఒక్క గెంతులో గుమ్మం దాటి కోళ్ళ గూడు పక్కగా పరుగెత్తింది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. రెండూ కోడలికి తెలియవు. ఒకటి, ఆ రోజు ఏడున్నరకి మామగారి పాత స్నేహితుడు డ్రిల్లు మాస్టారు వస్తున్నారు. "మీ గంటకు పిల్లలే రాలేదు, కోళ్ళు వస్తాయా?" అని మూడేళ్ళుగా వెక్కిరిస్తున్న మనిషి, కళ్ళారా చూడటానికి వస్తున్నాడు. ప్రదర్శన రక్తి కట్టాలని మామగారు ఆ పొద్దున ఎవరికీ గింజ కూడా వెయ్యలేదు. ఫారమంతా ఖాళీ కడుపుతో ఉంది. రెండోది, ఆ చిన్న గంట మామూలు గంట కాదు.

అత్తగారు కొట్టంలో ఆవు కింద కూర్చుని పాలు పితుకుతున్నారు. ఆ కిలకిల చెవిన పడింది. ఆహా, స్నేహితుడు వచ్చేలోగా ఈయన పాత పాఠం మళ్ళీ ఒకసారి చెప్పించుకుంటున్నట్టున్నారు అనుకున్నారు. "తలుపు తీస్తున్నానండీ!" అని కేకేసి, లేచి వెళ్ళి కోళ్ళ గూడు తలుపు బార్లా తీసి, మళ్ళీ వచ్చి ఆవు కింద కూర్చున్నారు. ఆయన సంగతుల్లో అంతకంటే తల దూర్చడం ఆమెకు అలవాటు లేదు.

నలభై కోళ్ళు, పదకొండు బాతులు బిలబిలమంటూ గూట్లోంచి వచ్చి, ఒక్క క్షణం చెవులు రిక్కించి, దొరసాని వెనక పడ్డాయి.

"అయ్యో, పిల్లిని పొడిచి చంపేస్తాయి!" అని కోడలు వాటి వెనక పరుగెత్తింది.

మామగారు లోపల కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్నారు. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ నురగగా ఉంది. కిటికీలోంచి చూస్తే కొత్త కోడలు జుట్టు విరబోసుకుని కోళ్ళన్నిటినీ పరుగు పెట్టిస్తోంది. ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కరూ తన పద్ధతిని మెచ్చుకున్న పాపాన పోలేదు. చదువుకున్న పిల్ల, వచ్చి రెండు నెలలైనా కాలేదు, చెప్పకుండానే రిహార్సలు మొదలుపెట్టింది! నురగతోనే, పెద్ద గంట చేతపట్టుకుని పెరట్లోకి వచ్చి, "శభాష్ అమ్మాయీ! సగం క్లాసుతో ఎందుకు, మొత్తం పెట్టెయ్!" అని దూడల పాక గడియ తీశారు. మేకల దొడ్డి గడియ కూడా తీశారు.

"వద్దు మామయ్యా, వద్దు!" అంది కోడలు ఆయాసంతో.

"మొహమాటం వద్దమ్మా!"

కోళ్ళను చూసి బెదిరిన దొరసాని ఇప్పుడు ఆరు మేకల్ని, రెండు దూడల్ని కూడా చూసింది. అది పరుగెత్తే కొద్దీ గంట మోగింది. గంట మోగే కొద్దీ అవి వెంటపడ్డాయి. అవి వెంటపడే కొద్దీ అది పరుగెత్తింది. గడ్డివాము చుట్టూ రెండు రౌండ్లు, బావి చుట్టూ ఒకటి. ఆ రౌండులో పదిహేడో నంబరు కోడి అడ్డదారి తొక్కి అందరికంటే ముందుకొచ్చింది.

సరిగ్గా ఆ నిమిషంలో గేటు తెరుచుకుంది.

డ్రిల్లు మాస్టారు ఎక్కడికైనా అరగంట ముందే చేరే మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల బట్టలు, మెడలో ఇప్పటికీ ఈల. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, "హెడ్మాస్టారూ!" అని పిలవబోయి, ఎదురుగా వస్తున్న సైన్యాన్ని చూసి నోరెళ్ళబెట్టారు.

"గేటెయ్యండి! గేటు!" అని అరిచింది కోడలు.

ఆయన అలవాటు ఆయనది. గేటు వదిలేసి చెయ్యెత్తి, శక్తికొద్దీ ఈల ఊదారు. గంట చదువు చదివిన ప్రాణులు, ఈల చదువు వాటికి రాదు. మేకలు బెదిరి ఇంకా వేగం పెంచాయి. దొరసాని మాస్టారి కాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయింది. వెనకే కోళ్ళు ఎడమ పక్కనుంచి, బాతులు కుడి పక్కనుంచి, మేకలు రెండు పక్కల నుంచీ. ఆయన చేసేదేం లేక, పెరేడ్ దాటిపోయే వరకు అటెన్షన్లోనే నిలబడ్డారు. వెనక నురగ మొహంతో పరుగెత్తుకుపోతున్న స్నేహితుడు, "కూర్చోండి మాస్టారూ, ఇప్పుడే వస్తాం!" అని వెళ్ళిపోయారు.

పక్క చేను క్యాబేజీ బాబాయిది. ఆయనకు వేరే పేరు ఉండే ఉంటుంది గానీ, ఇరవై ఏళ్ళుగా ఆయన క్యాబేజీ తప్ప వేరే పంట వెయ్యలేదు, వేరే మాట మాట్లాడలేదు. చేను మధ్యలో పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. దొరసాని ఆ షెడ్డు పైకి ఎక్కి, అంచున కూర్చుని, ఆయాసపడుతూ కిందికి చూసింది. కింద కోళ్ళు, బాతులు, మేకలు, దూడలు షెడ్డు చుట్టూ చేరి, మెడలు పైకెత్తి చూస్తున్నాయి. మాట్లాడేవాడి కోసం ఎదురుచూస్తున్న సభలా ఉంది.

"ఇదేం అన్యాయం అన్నయ్యగారూ!" అన్నారు క్యాబేజీ బాబాయి నెత్తిన చేతులు పెట్టుకుని. "పంట చేతికొచ్చే టైముకి మందని తోలతారా? మీతో నాకేం పగ?"

"తోలలేదయ్యా. వాటంతట అవే వచ్చాయి."

"వాటంతట అవే వస్తే మీరు సబ్బు రాసుకుని ఎందుకొచ్చారు?"

మామగారు పెద్ద గంట ఎత్తి ఒక దెబ్బ కొట్టారు. కోళ్ళు తల తిప్పి ఆయనను చూశాయి. మర్యాదగా చూశాయి. మళ్ళీ షెడ్డు వైపు తిరిగాయి. రెండు దెబ్బలు, మూడు దెబ్బలు, చివరికి గణగణా వాయించారు. పైన దొరసాని వెనక కాలితో మెడ గోక్కుంది. కిలకిల. సభ మొత్తం ఒక అడుగు ముందుకు జరిగింది.

మామగారి చేతిలో గంట అలాగే ఆగిపోయింది.

"ఆ గంట... దాని మెడలోకి ఎలా వచ్చింది?"

"నేనే కట్టాను మామయ్యా," అంది కోడలు చిన్న గొంతుతో. "సొరుగులో దొరికింది."

"అది ఒకటో తరగతి గంటమ్మా!" అన్నారాయన, తడబడుతూ. "వీటి చిన్నతనంలో, పిల్లలుగా ఉన్నప్పుడు, చేతిలో నూక పెట్టుకుని ఆ గంట ఊపుతూ ముందు నడిచేవాణ్ణి. వెంట వస్తే తిండి. అలా మొదటి చదువు అయ్యాకే పెద్ద గంటకి ప్రమోట్ చేశాను. మొదట చెప్పిన టీచర్ని ఎవరు మరిచిపోతారు?"

కోడలికి అంతా అర్థమైంది. అర్థమయ్యాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తయ్య పాలు ఒలకకూడదని, దొరసాని వెళ్ళిపోకూడదని ఇంత పని చేస్తే, ఇప్పుడు క్యాబేజీ పోయింది, మామయ్య ప్రదర్శన పోయింది, దొరసాని ఎటూ పోతుంది. సాయంత్రానికి ఒకటి కాదు, రెండు టి.సి.లు రాయాల్సి వస్తుందేమో అనిపించింది.

"దొరసానీ, రా అమ్మా, రా తల్లీ," అని బతిమాలింది. దొరసాని అటు తిరిగి కూర్చుంది.

అప్పటికి మొగుడు వ్యాను దిగి, గేటు దగ్గర కొయ్యబారిన డ్రిల్లు మాస్టారిని దాటుకుని చేలోకి వచ్చాడు. సంగతి విన్నాడు. పెళ్ళాం కళ్ళు చూశాడు. వీరుడిలా నిచ్చెన వేసి ఎక్కాడు. చెయ్యి చాచగానే దొరసాని రేకు మీద రెండో కొసకు గెంతింది, గంట మోగింది, కింద సభ మొత్తం అటు కదిలింది, నిచ్చెన దానితోపాటు వెళ్ళిపోయింది. వీరుడు రేకు అంచు పట్టుకుని వేలాడుతూ, "ఎవరైనా... తీరిగ్గా ఉంటే..." అన్నాడు.

కోడలు, క్యాబేజీ బాబాయి కలిసి అతన్ని దింపుతుండగా అత్తగారు వచ్చారు. చేతిలో పాల బకెట్టు, మూతతో సహా. అందరూ ఉన్న చోటుకు కొంచెం దూరంలో ఆగి, షెడ్డు వైపు చూశారు. తర్వాత మామగారి నురగ బుగ్గ వైపు చూశారు. కోడలి ముఖం చూశారు. పెదవి కొరుక్కున్నారు. ఏదో చెప్పబోయి ఆగారు.

"ఏంటి అత్తయ్యా?" అంది కోడలు.

"ఏం లేదు. అందరూ అటు తిరగండి."

"ఎందుకు?"

"తిరగమన్నానా!"

ఎవరూ తిరగలేదు. అత్తగారు నిట్టూర్చి, వేలి ఉంగరంతో బకెట్టు మూత మీద మూడుసార్లు తట్టారు. టక్, టక్, టక్. ఆ తర్వాత, "రావే నా బంగారం, పాలు చల్లారిపోతున్నాయి," అన్నారు. ఆ గొంతులో ఎంత ముద్దు ఉందంటే, ఒక దూడ కూడా తననే అనుకుని ముందుకొచ్చింది.

దొరసాని షెడ్డు మీంచి పక్కనున్న ఖాళీ పెట్టెల మీదికి, పెట్టెల మీంచి నేల మీదికి దిగి, తోక నిటారుగా ఎత్తి, నేరుగా వచ్చి అత్తగారి కాళ్ళ చుట్టూ చుట్టుకుంది. కాళ్ళకు అడ్డంగా.

చేలో అందరూ అత్తగారి వైపు తిరిగారు. బాతులు కూడా.

"అమ్మా," అన్నాడు కొడుకు మోచెయ్యి తుడుచుకుంటూ. "నన్ను ఎప్పుడైనా ఆ గొంతుతో పిలిచావా?"

"నువ్వు ఎప్పుడైనా ఎలుకని పట్టావా?" అన్నారు అత్తగారు.

మామగారికి ఇంకా తేరుకోవడం కాలేదు. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"పొద్దున్నే పెట్టకూడదని రూలు పెట్టింది నువ్వే కదా!"

"పెట్టాను కాబట్టే తియ్యలేక చచ్చాను. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి, పొద్దున్నే గుమ్మం దగ్గర కూర్చుని అలా చూస్తే మీరైతే ఏం చేస్తారు? గడ్డివాము వెనక గిన్నెలో గుక్కెడు పోస్తున్నాను. మీరెవరైనా చూస్తారేమోనని వెనక్కి చూసుకుంటూ నడిచి, ఆ మూడు బకెట్లూ నేనే పడేశాను. దాని తప్పేం లేదు."

"నా ఇంట్లో," అన్నారు మామగారు ఒక్కో మాట విడగొట్టి. "ముప్ఫై ఏళ్ళు ప్రైవేట్లు చెప్పేవాళ్ళ మీద పోరాడిన నా ఇంట్లో, నా గడ్డివాము వెనక, ప్రైవేటు ట్యూషనా! మూడు దెబ్బలా! అది మేకల సిలబస్!"

"ఉన్న క్లాసులో చెప్పలేకపోతే ట్యూషనుకే వెళ్తారు," అన్నారు అత్తగారు. "దానికి టి.సి. ఇస్తే కింద నా పేరు కూడా రాయండి."

"నా పేరు కూడా మామయ్యా," అంది కోడలు, అత్తగారి పక్కకు జరిగి. అత్తగారు ఆమె వైపు చూడలేదు గానీ, బకెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, ఖాళీ అయిన చేతితో కోడలి చెయ్యి పట్టుకున్నారు. నలభై రెండు రోజుల పండగల్లో అది మొదటి వరసలో చేరింది.

ఈ లోపల, గంట మోగడం ఆగేసరికి ఖాళీ కడుపులు గుర్తొచ్చి, కోళ్ళూ బాతులూ క్యాబేజీల మధ్యకి చెదిరిపోయాయి. కాసేపటికి అక్కణ్ణుంచి క్యాబేజీ బాబాయి కేక వినిపించింది. ఆయన ఒక క్యాబేజీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆకులు విప్పి చూస్తున్నారు. "పురుగుల్లేవు! అన్నయ్యగారూ, ఒక్క పురుగు లేదు! పది రోజులుగా ఏం చేసినా పోనివి, మీ కోళ్ళూ బాతులూ ఏరి తినేశాయి! మేకలు ఒక అరడజను క్యాబేజీలు కొరికాయి, పోనివ్వండి. వచ్చే ఆదివారం మళ్ళీ పంపండి. మేకల్ని మాత్రం ఇంట్లోనే చదివించుకోండి."

తిరుగు ప్రయాణం మొదలైంది. ముందు బకెట్టుతో అత్తగారు, ఆమె పక్కన కోడలు. వాళ్ళ మడమల దగ్గర దొరసాని, అడుగుకొక కిలకిలతో. ఇప్పుడు ఎవరూ పరుగెత్తడం లేదు, పాల వాసన ముందు నడుస్తుంటే పరుగెత్తాల్సిన అవసరం దొరసానికి లేదు. అది నెమ్మదిగా నడిచింది కాబట్టి గంట నెమ్మదిగా మోగింది. గంట నెమ్మదిగా మోగింది కాబట్టి కోళ్ళు గట్టు మీద ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నడిచాయి. వాటి వెనక బాతులు, మేకలు, దూడలు. ఆ వెనక నిచ్చెనతో మొగుడు. అందరికంటే వెనక, తల వంచుకుని, ఎండిన నురగతో హెడ్మాస్టారు.

గేటు దగ్గర డ్రిల్లు మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. వరస మొత్తం లోపలికి వెళ్ళింది. చివరి దూడ కూడా వెళ్ళాక ఆయన నోట్లోంచి ఈల తీశారు.

"హెడ్మాస్టారూ," అన్నారు. "ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు మాట్లాడాను. వెళ్ళేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు మార్చ్! ముప్ఫై ఏళ్ళు నేను ఈల ఊదాను, ఒక్కసారి, ఒక్కసారైనా ఇంత చక్కటి లైను వచ్చిందా? ఆ ముందు నడిచిన పిల్లి... దానికెన్నాళ్ళు పట్టింది నేర్పడానికి?"

మామగారు తల ఎత్తారు. డ్రిల్లు మాస్టారిని చూశారు. భార్యను చూశారు. ఆమె పాలు గిన్నెలో వంచుతోంది, మొదటిసారి పట్టపగలు, అందరి ముందూ.

"మూడేళ్ళు," అన్నారాయన గొంతు సవరించుకుని. "అదీ, ఇంట్లో స్పెషలు క్లాసు పెడితే. అది మా సీనియర్ అసిస్టెంటు."

"అదృష్టవంతులు. మీకు స్టాఫ్ మంచివాళ్ళు దొరికారు."

మామగారు వసారాలోకి వెళ్ళి టేబులు మీద గాజు బరువు ఎత్తారు. కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, దానితో మిగిలిన బుగ్గ మీది నురగ తుడుచుకుని చెత్తబుట్టలో వేశారు. "ఐదో క్లాసులో నా టి.సి.తో అలా తుడుచుకోలేదు," అని మొగుడు గొణిగితే కోడలు మోచేత్తో పొడిచింది. పొడుస్తున్నప్పుడు నవ్వాపుకోవడం కష్టమైంది.

ఆ తర్వాత ఆయన హాజరు పట్టీ తెరిచి, విద్యార్థుల పేజీలో దొరసాని పేరు కొట్టేసి, సిబ్బంది పేజీలో తన పేరు కింద, భార్య పేరు పైన రాశారు. భార్య వచ్చి చూసి, కలం లాక్కుని, వరస మార్చింది. చిన్న గంట తిరిగి సొరుగులోకి వెళ్ళింది, ఎర్ర రిబ్బను తిరిగి జడలోకి వచ్చింది.

మర్నాటి నుంచి దొరసాని గంటకు రావడం మొదలుపెట్టింది. సిబ్బందిలో చేరింది కనుక, గంట కొట్టిన పది నిమిషాలకు.